బంతిపూల దండ కింది గడియారం

ఆ రోజుల్లో నాకు చిన్న జబ్బులంటే గిట్టేది కాదు. మనుషుల జబ్బులు కాదు లెండి, కంప్యూటర్లవి. తీగ ఊడిందనో, ప్లగ్గు వదులైందనో ఎవరైనా అంటే నాకు చిన్నతనంగా ఉండేది. ఇంత చదువు చదివి, అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే అంగట్లో ఉద్యోగం సంపాదించి, చివరికి ప్లగ్గు నొక్కిపెట్టి రావడమా! జబ్బంటే లోతుగా ఉండాలి, దాని మూలం ఎక్కడో ప్రోగ్రాము పేగుల్లో ఉండాలి, దాన్ని నేను తప్ప ఇంకెవరూ పట్టుకోలేకపోవాలి. దానికి తోడు అప్పుడే కొత్తగా డీబగ్గర్ వాడటం నేర్చుకున్నాను. (నడుస్తున్న ప్రోగ్రామును ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబెట్టి, ‘ఎక్కడున్నావు, ఏం చేస్తున్నావు, ఎవరు పంపితే ఇక్కడికొచ్చావు’ అని నిలదీసే పనిముట్టు అది. పోలీసు ఉద్యోగం రాని నాలాంటి వాళ్లకు గొప్ప ఊరట.) కొత్తగా మోటారు సైకిలు కొన్నవాడు పక్క వీధికి కూడా నడిచి పోడు కదా, నా సంగతీ అంతే. లెక్క తప్పిన క్యాలిక్యులేటర్ మీద కూడా డీబగ్గర్ ఎక్కించాలని ఉండేది.

మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, ధర్మవరంలో పట్టుమగ్గాల ఇంటి కోడలు. ఆ ఇంట్లో ఆడవాళ్లు దారం కండెలకు చుట్టడమే గానీ డిజైను గీయడం ఎరగరు. మా చిన్నమ్మ ఎవరినీ అడక్కుండా రెండు నెలలు క్లాసులకు పోయి కంప్యూటర్ మీద చీర డిజైను గీయడం నేర్చుకొచ్చింది. తెర మీద చిన్న చిన్న గళ్లుంటాయి, ఒక్కో గడికీ రంగు వేసుకుంటూ పోవాలి. ఆ బొమ్మ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. కంప్యూటర్ కొనిపెట్టింది చిన్నాయన, అందులో విండోస్‌కు బదులు లైనక్స్ వేసిపెట్టింది నేను. “ఇది బిగుసుకుపోవడమనేది ఉండదు చిన్నాయనా” అని ఆ రోజు ఆయనకు మాటిచ్చాను. అడక్కపోయినా ఇచ్చాను.

చిన్నమ్మ గీసిన మొదటి సొంత డిజైను వాళ్ల అత్తగారి పెళ్లిచీరది. ఆవిడను మేమంతా అవ్వ అంటాం. ఆ చీర అవ్వ కోసం తాత స్వయంగా నేసినది. అంచు పొడుగునా చిలకల వరస. చిలకలన్నీ కుడివైపు చూస్తుంటాయి, కొంగు దగ్గర ఒక్కటి మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది. ఎందుకలా తిరిగిందని అడిగితే అవ్వ, “ఏముండాది? మీ తాత కునికిపాట్లు పడుతా నేసినాడు” అనేది. అంతకుమించి ఒక్క మాట రాదు. చీర మడతల వెంట చిరిగిపోయింది, పట్టుకుంటే పొడి రాలుతుంది. చిన్నమ్మ దాన్ని బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టుకుని, వంట అయ్యాక మిగిలిన పొద్దంతా కూర్చుని గడి గడి లెక్కపెట్టి తెర మీదికి ఎక్కించింది. వెనక్కి తిరిగిన చిలకను కూడా వదల్లేదు. దసరాకు ముందే పని ముగిసింది.

ముగిసింది గానీ సేవ్ చేయలేదు! ఇక్కడే ఉంది అసలు కథ. కొత్త బొమ్మను మొదటిసారి సేవ్ చేయబోతే కంప్యూటర్ పేరు అడుగుతుంది కదా. పేరు పెట్టడమంటే మా వాళ్లకు మాటలా? బిడ్డకు పెట్టినా, అంగడికి పెట్టినా మంచి గడియ చూడాల్సిందే. విజయదశమి పొద్దున తొమ్మిది దాటాక బాగుందని పంచాంగం చూసి, అంతవరకూ కంప్యూటర్‌ను ఆపకుండా అలాగే ఉంచింది మా చిన్నమ్మ. కరెంటు పోతే యూపీఎస్ ఉంది, తెర ఆరిపోకుండా నేనే అమర్చి వచ్చాను, ఇంకేం భయం అనుకుంది. మహర్నవమి నాడు ఆయుధపూజ. మగ్గానికీ, కత్తెరకూ, దారం అటూ ఇటూ తిప్పే నాడెకూ పెట్టినట్టే కంప్యూటర్‌కూ పసుపు కుంకుమలు పెట్టి, తెర మీద చిలకల అంచు కనబడుతుండగానే హారతిచ్చారు. దశమి పొద్దున మంచి గడియకు చిన్నమ్మ తలస్నానం చేసి వచ్చి మౌస్ పట్టుకుంటే బాణం కదల్లేదు.

అప్పుడు నాకు ఫోనొచ్చింది. “అబ్బీ, నీ కంప్యూటరు బిగుసుకపోయినాది రా. బాణం కదల్దు, అక్షరం పడదు.”

“ఆపి మళ్లీ పెట్టి చూసినావా చిన్నమ్మా?”

“ఆపితే అంతా పోతాదని నువ్వే కదరా సెప్పింది! నేను ఇంగా సేవ్ జేయలేదు. నువ్వు బిరీన రా.” అని, గొంతు తగ్గించి, “ఆ చీర గూడా లేదు రా ఇంట్లో” అంది.

చీర ఏమైందంటే, నవమికి ముందు రోజు పాత జరీ చీరలు కొనేవాడు వీధిలోకొచ్చాడు. అవ్వ దాన్ని తీసి వాడి మూటలో వేసేసింది. జరీలోని వెండి కోసం వాళ్లు వాటిని కాల్చేస్తారు. “కంప్యూటర్లోకి ఎక్కిచ్చినారు గదా, ఇంగ ఆ పేలికె ఎందుకు ఇంట్లో?” అన్నది అవ్వ వాదన. అంటే తాత నేసిన ఆ చిలకలు ఇప్పుడు ఈ లోకంలో ఒకే ఒక్క చోట ఉన్నాయి. మా చిన్నమ్మ ఇంట్లో, బిగుసుకుపోయిన తెర వెనకాల, కరెంటు ఉన్నంతసేపు మాత్రమే ఉండే జ్ఞాపకంలో. నా ఒళ్లు జలదరించింది. నిజం చెప్పాలంటే భయంతో సగం, సంతోషంతో సగం. ఇంతకన్నా లోతైన జబ్బు ఎవరికి దొరుకుతుంది!

బయలుదేరుతుంటే మా ఓనరు, “ధర్మవరమే కదప్పా పోతాండేది, బస్టాండు కాడ జిరాక్సు అంగడాయనకు ఇది ఇచ్చేసి రా” అని ఒక కీబోర్డూ మౌసూ ఉన్న కొత్త డబ్బా నా చేతిలో పెట్టాడు. పండగ పూట కూడా పనా అని విసుక్కుంటూ దాన్ని చంకలో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడవునా ఎండిన వేరుశనగ చేలను చూడకుండా డీబగ్గర్ ఆజ్ఞలు వల్లె వేసుకున్నాను. జిరాక్సు అంగడి సంగతి తర్వాత చూద్దామని బస్సు దిగి నేరుగా చిన్నమ్మ ఇంటికే పోయాను.

ఇల్లంతా బంతిపూల వాసన. కంప్యూటర్ తెరకు లావుపాటి బంతిపూల దండ వేసి ఉంది, దాని కొస కింది మూల దాకా వేలాడుతోంది. కింద పెట్టెకు అడ్డంగా విభూతి, మధ్యలో కుంకుమ, ముందర నిమ్మకాయ. చిన్నాయన స్విచ్చి దగ్గరే నిలబడి ఉన్నాడు. “ఒక్క తూరి ఆర్పి వేస్తే సరిపోతాది కదప్పా. మా టీవీకి ఎప్పుడూ అదే వైద్యం” అంటున్నాడు. చిన్నమ్మ స్విచ్చికీ ఆయనకూ మధ్య నిలబడి ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవ్వ గుమ్మంలో కూర్చుని, “చీర లోపల్నే ఉండాది కదా, యాడికి పోతాది?” అని అందరినీ అడుగుతోంది.

నేను చిన్న పరీక్షలు మానలేదు, ఆ మాట చెప్పుకోవాలి. చిన్నమ్మ కంప్యూటర్ కీబోర్డూ మౌసూ తీగల్లేని రకం. రెండింటికీ కొత్త సెల్లులు వేసి చూశాను, చలనం లేదు. రెండూ ఒకేసారి చచ్చిపోవు కనుక తప్పు వాటిది కాదు, తెర మీద బొమ్మ వేసే డిస్‌ప్లే సర్వరుదే అని తీర్పు చెప్పేశాను. (లైనక్స్‌లో చీర బొమ్మ తయారుచేసే ప్రోగ్రాము వేరు, దాన్ని తెర మీద చూపించి, మన వేళ్ల కదలికలు దానికి చేరవేసే సర్వరు వేరు. మొదటిది బతికే ఉంటుంది, రెండోది మూర్ఛపోతే మనకు రెండూ పోయినట్టే అనిపిస్తుంది.) “చిలకలు లోపల క్షేమంగా ఉన్నాయి చిన్నమ్మా, తలుపు బిగుసుకుంది అంతే” అన్నాను. ఆమె ముఖం కాస్త తేటబడింది. ఆ ఒక్క మాటా ఆ రోజు నేను చెప్పిన నిజం. మిగతావన్నీ తప్పులే.

బల్ల నిండా పూలూ, పసుపూ, కొబ్బరి చిప్పలూ. అందుకని కుర్చీలో కూర్చుని, ఒళ్లో ఓనరిచ్చిన కీబోర్డు డబ్బా అడ్డంగా పెట్టుకుని, దాని మీద నా లాప్‌టాప్ పెట్టుకున్నాను. సరిగ్గా పీట మాదిరి అమరింది. రెండు కంప్యూటర్లనూ నెట్‌వర్కు తీగతో కలిపి, నా దాంట్లోంచి ఆ లోపలికి ప్రవేశించి, డిస్‌ప్లే సర్వరు మీదికి డీబగ్గర్‌ను వదిలాను. అది పోయి సర్వరును పట్టుకుని నిలబెట్టింది. ‘ఎక్కడున్నావు?’ అని అడిగాను. వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. దాని అర్థం నాకు తెలుసు, సర్వరు లోపలి పేర్ల పట్టిక నా దగ్గర లేదు, ఫోన్ నెట్టు మీద దించుకోవాలి. ఆ ఇంట్లో ఫోన్ సిగ్నలు కిటికీ ఊచ దగ్గర మాత్రమే దొరుకుతుంది. ఫోనును ఊచకు దారంతో కట్టి (పట్టు దారమే, ఆ ఇంట్లో ఇంకేం దొరుకుతుంది) పట్టిక దించడం మొదలుపెట్టాను. అది దిగుతున్నంతసేపూ డీబగ్గర్ సర్వరు మెడ పట్టుకునే ఉంది. ఉండనీ, ఎలాగూ బిగుసుకున్నదే కదా అనుకున్నాను.

ఈ లోపల చిన్నమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టింది. తింటూ చిన్నాయనకు డీబగ్గర్ గొప్పతనం చెప్పాను. “మనిషికి స్కానింగు తీసినట్టా?” అన్నాడు. “స్కానింగు బయటినుంచి చిన్నాయనా, ఇది లోపల కూర్చుని నాడి పట్టుకున్నట్టు” అన్నాను. ఆయన తల ఊపాడు గానీ చూపు మాత్రం స్విచ్చి మీదే ఉంది.

పట్టిక దిగాక మళ్లీ అడిగాను. ఈసారి స్పష్టంగా జవాబొచ్చింది. ‘ఏదైనా జరిగేదాకా కాచుకొని ఉండు’ అనే అర్థం వచ్చే పేరున్న చోట సర్వరు కూర్చుని ఉంది. నిజానికి పనేమీ లేనప్పుడు సర్వరు కూర్చునే మామూలు చోటు అదే, ఎవరైనా మౌస్ కదిలిస్తారేమో, ఏదైనా మీట నొక్కుతారేమో అని చూస్తూ. ఆరోగ్యంగా ఉన్నవాడు అరుగు మీద కూర్చున్నట్టు. బుద్ధున్నవాడైతే అక్కడితో ‘దీనికి ఏ జబ్బూ లేదు’ అనుకునేవాడు. నేను మాత్రం, “చూసినావా చిన్నమ్మా, దేని కోసమో ఎదురుచూస్తా బిగుసుకుపోయింది. ఆ దేని కోసం అన్నదే కనిపెట్టల్ల” అని ఇంకా లోతుకు దిగాను. అడ్డమైనవన్నీ చదివాను. చదివిన కొద్దీ అంతా సవ్యంగానే కనబడుతోంది, నాకు చెమటలు పడుతున్నాయి.

అప్పుడు చిన్నాయన తెర దగ్గరికి పోయి, మూలకు వేలాడుతున్న దండ కొసను పైకెత్తాడు. దాని కింద కంప్యూటర్ గడియారం ఉంది. “ఏమప్పా, ఇది పదకొండూ ఇరవై అంటాండాది. గోడ మీద చూస్తే ఒంటిగంట కావస్తాంది.”

నాకు ప్రాణం లేచొచ్చింది. “అదీ! దొరికింది! సరిగ్గా పదకొండూ ఇరవైకి సర్వరు ఆగిపోయింది. అప్పుడేం జరిగిందో తెలిస్తే జబ్బు తెలిసినట్టే. బాగా గుర్తు తెచ్చుకోండి, పదకొండూ ఇరవైకి ఏం జరిగింది? కరెంటు ఏమైనా ఎగిరిందా?”

అందరూ ఆలోచనలో పడ్డారు. చిన్నమ్మే నెమ్మదిగా అంది. “అబ్బీ... నాకు బాణం కదలకపోయింది తొమ్మిది దాటినప్పుడు కదా. పదకొండూ ఇరవైకంటే... నువ్వొచ్చి ఆ వైరు పెట్టినావు చూడు, అప్పుడు.”

గుమ్మంలోంచి అవ్వ కూడా నా వైపే చూస్తోంది. నేను లాప్‌టాప్ మీదికి తల వంచి, డీబగ్గర్‌కు ‘ఇక వదిలెయ్’ అని ఆజ్ఞ ఇచ్చాను. దండ కింద గడియారం ఒక్క గెంతు గెంతి ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందుకు వచ్చి నిలబడింది, హాయిగా నడవసాగింది. అంటే నేను రాకముందు అది నడుస్తూనే ఉంది. దండ అడ్డముండి ఎవరికీ కనబడలేదు.

“అయితే ఇంతసేపూ దాన్ని పట్టుకోనుండేది నువ్వేనా?” అన్నాడు చిన్నాయన. ఆయన గొంతులో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగాడు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

సిగ్గుతో బుద్ధి కొంచెం పనిచేసింది. సర్వరు బాగానే ఉండి, బాణం కదలకపోతే, అసలు దాని చెవికి మౌస్ మాట చేరుతోందా? ఈసారి డీబగ్గర్ జోలికి పోకుండా, ‘నీకు ఏ ఏ పరికరాలు తగిలించి ఉన్నాయో చెప్పు’ అని మామూలుగా అడిగాను. మొదటే అడగాల్సిన ప్రశ్న. మౌస్ లేదంది. కీబోర్డు లేదంది. మీట అనదగ్గది నాకు ఒక్కటే ఉంది అంది, కంప్యూటర్‌ను ఆర్పే మీట. పొద్దుట్నుంచీ చిన్నమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా కాపలా కాస్తున్నది సరిగ్గా దాన్నే. నేను నేల మీద పడుకుని, పెట్టె వెనక్కి తల దూర్చి చూశాను. తీగల్లేని కీబోర్డుకూ మౌస్‌కూ ఒక వేలిగోరంత ముక్క ఉంటుంది, దాన్ని పెట్టె వెనక గుచ్చాలి, వాటి మాటలు వినేది అదే. ఆ చోటు ఖాళీగా ఉంది. ఖాళీ చుట్టూ శ్రద్ధగా పెట్టిన కుంకుమ బొట్టు.

“ఈడ ఒక చిన్న నల్ల ముక్క ఉండల్ల, ఎవరు తీసినారు?” అని కింది నుంచే అరిచాను.

“నేనే తీసింది” అంది అవ్వ నిబ్బరంగా. “కత్తెర దేవి కాడ పెడితిమి, నాడె పెడితిమి, ఆ పలకా ఎలుకా పెడితిమి. ఈ పెట్టె మాత్రం కదలకపాయ. దానికి పూజ లేకుంటే ఎట్ల? అందుకే చేతికి వచ్చిందాన్ని పీకి దేవి ముందర పెడితి.”

“పొద్దున తీసుకోలేదా అవ్వా?”

“కీబోర్డూ మౌసూ నేనే తీసుకొస్తి. అది ఉన్నట్టే నాకు తెలీదు రా” అంది చిన్నమ్మ.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. దాని బ్యాటరీ ముసలిది, ఎంతసేపు మోస్తుందో దానికే తెలియదు. అందరం దేవుడి గదిలోకి పరుగెత్తాం. పటం ముందు పూలు లేవు. అవ్వ అప్పటికే వాటన్నిటినీ ఎత్తి బుట్టలో పోసింది, సాయంత్రం తోట బావిలో వేసి రావడానికి. బుట్ట నడింట్లో బోర్లించి నలుగురం బంతిపూలలో చేతులు పెట్టి దేవులాడాం. దొరికినవి వక్కలు, ఖర్జూరాలు, ఒక గుండీ. యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా వస్తోంది. “కాలితో తొక్కొద్దండి, దేవి పూలు” అంటోంది అవ్వ. ఎన్నడూ అత్త ముందు గొంతెత్తని మా చిన్నమ్మ అప్పుడు అరిచింది.

“పూలు కాదత్తా! నీ చీర పోతాండాది! మామ నేసిన చీర! ఆ కూత ఆగిపోతే ఇంగ లేదు, యాడా లేదు!”

అవ్వ ఆ వయసులో అంత బిరీన కూర్చోగలదని నేను అనుకోలేదు, కింద చతికిలబడి రెండు చేతులతో పూలు చెరగడం మొదలుపెట్టింది. ముక్క దొరికింది ఆవిడకే. ఒక తమలపాకుకు కుంకుమతో అతుక్కుని ఉంది. నేను చొక్కాకు తుడిచి, పెట్టె వెనక గుచ్చాను. బాణం కదిలింది.

చిన్నమ్మ కుర్చీలో కూర్చుని సేవ్ నొక్కింది. కంప్యూటర్ పేరడిగింది. ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ మంచి గడియ చూసుకుంది గానీ పేరు ఆలోచించుకోలేదు! “ఏం పెడదాం?” అని మా వైపు చూసింది. “ఏదో ఒకటి పెట్టమ్మా తల్లీ!” అని చిన్నాయన నెత్తి పట్టుకున్నాడు. “దుర్ముహూర్తం పోయిందా?” అంది అవ్వ. చిన్నమ్మ ఇంక ఎవరినీ అడగలేదు, ‘చిలక’ అని టైపు చేసి నొక్కేసింది. నేను ఆ ఫైలును తీగ మీదుగా నా లాప్‌టాప్‌లోకి కూడా లాక్కున్నాను. ఆ తర్వాత కాసేపటికే యూపీఎస్ కూత ఆగింది, తెర నల్లబడింది. కరెంటు వచ్చాక ఫైలు తెరిచి చూపించాం. అవ్వ ముక్కు తెరకు ఆనేటంత దగ్గరికి వచ్చి, చిలకల వరస వెంట వేలు పెట్టుకుంటూ పోయి, కొంగు దగ్గర ఆగింది. “ఆ, ఉండాది” అంది. “ఇది నా వైపు తిరిగింది. ఆయన నేస్తాంటే నేను ఆ పక్కన కూర్చోనుంటి.” అని చెప్పి లేచి, పూలు ఎత్తుకోవడానికి వెళ్లిపోయింది. కునికిపాట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

నన్ను ఆ ఇంట్లో చాలా మర్యాదగా సాగనంపారు. ఓళిగల పొట్లం కట్టిచ్చారు. బస్టాండు దగ్గర జిరాక్సు అంగడాయనకు డబ్బా ఇచ్చాను. ఆయన బిల్లు చూసి, “పని జేస్తాదో లేదో ఎట్ల తెలిసేది? పెట్టి చూపియ్యి అన్నా” అన్నాడు. డబ్బా విప్పి, తీగ ఆయన కంప్యూటర్‌కు గుచ్చాను. గుచ్చిన మరుక్షణం బాణం కదిలింది. ఏ కంప్యూటర్‌కైనా సరే, ఏ తీగ కీబోర్డైనా సరే, గుచ్చితే చాలు, అంతే. ఆ డబ్బా పొద్దుట్నుంచీ నా ఒళ్లోనే ఉంది. దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని, సర్వరు దేని కోసం ఎదురుచూస్తోందా అని నేను వెతికాను. జిరాక్సు అంగడాయన, “ఏమన్నా, అట్ల నిలబడిపోతివి? ఆరోగ్యం బాగుందా?” అని మంచినీళ్లిచ్చాడు.

ఇప్పుడు చిన్నమ్మ పంచాంగం చూడకుండా చీటికీ మాటికీ సేవ్ చేస్తుంది, పోపు వేయడానికి లేచినా సరే. ఆ చిలకల చీర నేశారు, అవ్వ దాన్ని కట్టుకుని లేపాక్షి కూడా పోయొచ్చింది. నేనేమో బెంగళూరులో నా చేతి కింద పనిచేసే పిల్లలకు పెద్దదిక్కుగా ఉన్నాను. వాళ్లు అప్పుడప్పుడూ కళ్లు మెరుస్తుండగా వచ్చి, ఎవరి కంప్యూటరో బిగుసుకుందనీ, డీబగ్గర్ వేస్తామనీ అంటారు. ఆ మెరుపు చూస్తే నాకు వాళ్ల మీద కోపం రాదు, ఒళ్లో డబ్బా పెట్టుకుని నాడి పట్టుకున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడికున్నంత నమ్మకం దేని మీదైనా నాకిప్పుడు ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది. వెయ్యండి గానీ, ముందు ఒక సంగతి కనుక్కోండి అంటాను. ఏమిటి సార్ అని అడుగుతారు.

“వాళ్లింట్లో ఈ మధ్య పూజ ఏమైనా జరిగిందా?”